పీపా చల్లబడిన రోజు

జసుమాయ అత్త పవర్‌హౌస్‌లో అడుగుపెట్టగానే మొదట చేసే పని పీపా మీద అరచెయ్యి ఆనించడం. గోడమీది మీటర్లను తరవాత చూసేది. పీపా కాలిపోతుంటే ఊళ్ళో ఎవరూ కరెంటు వాడడం లేదన్నమాట. గోరువెచ్చగా ఉంటే దీపాలు వెలిగాయి, టీవీలు పెట్టారు. ఉన్నట్టుండి చల్లబడిందంటే మాత్రం ఫోను తీసేది.

"పెద్దన్నా, అన్నం కుక్కరు పెట్టింది మీరేనా?"

"నేనెందుకు పెడతాను జసుమాయా? మా ఇంట్లో ఇవాళ సంకటి."

"సంకటైతే మీ వెనకాల టక్కుమన్నదేమిటి?"

అవతల ఫోను పెట్టేసేవారు. కాసేపటికి పీపా మళ్ళీ వేడెక్కేది.

నేపాల్‌లో బాగ్లుంగ్ కొండల మధ్య ఖహరే మా ఊరు. లుమ్దీ వాగు నీటిని గొట్టంలోకి మళ్ళించి, కొండమీద నుంచి దూకించి తిప్పే చిన్న యంత్రం మాది. ఇరవై ఆరు కిలోవాట్లు. నూట పన్నెండు ఇళ్ళకు, ఇంటికి నాలుగు దీపాలు, ఒక టీవీ. అంతకుమించి పెడితే ఊరంతా మసకేస్తుంది. యంత్రం ఆడినంతసేపూ కరెంటు పుడుతూనే ఉంటుంది కాబట్టి ఊరు వాడుకోనిది ఎటో ఒకవైపు పోవాలి. అది ఆ ఇనప పీపాలోని నీళ్ళను కాచి ఆవిరైపోయేది. శీతకాలంలో ఆడవాళ్ళు ఆ వేడినీళ్ళతో తలంటుకోవడానికి కుంకుడుకాయలు కొంగున కట్టుకుని వచ్చేవారు. ఖహరే ఆడవాళ్ళ జుట్టుకు చుట్టుపక్కల మంచి పేరుండేది. ఆ పేరుకు కారణం మేమెవరికీ చెప్పేవాళ్ళం కాదు.

పవర్‌హౌస్ ఉన్నచోట పూర్వం అత్తవాళ్ళ నాన్న నీటి తిరగలి ఉండేది. వాగు తిప్పితే తిరిగే రాతి తిరగలి అది. అత్త దాని చప్పుడులోనే పుట్టి పెరిగింది. గింజలు అయిపోవస్తే రాయి గొంతు మారుతుందని, నిద్రలోనే లేచి బుట్ట నింపి మళ్ళీ పడుకునేదాన్నని చెప్పేది. కరెంటు యంత్రానికి స్థలం వెతుకుతూ వచ్చినవాళ్ళు ఆ చోటే కావాలన్నారు. ముసలాయన ఒప్పుకున్నాడు గానీ ఒక మాట అడిగాడు. "తిరగలి నా కూతురు చూసుకుంటోంది. మీ యంత్రాన్నీ అదే చూసుకుంటుంది. సరేనంటే రేపే రాళ్ళు ఎత్తేస్తాను."

వాళ్ళు సరేనన్నారు. బుట్వల్‌లో ఇరవై రెండు రోజుల శిక్షణకు పంపారు. పదిహేడుమంది మగవాళ్ళు, ఆమె ఒక్కతీ. మొదటి రోజు ఆమెను టీ పెట్టమన్నారు. పెట్టింది. మూడో రోజు ఆడుతున్న యంత్రం పక్కన నిలబడి, "దీని ఎడమ చెవిలో నూనె ఎండిపోయింది" అంది. గురువుగారు నవ్వి, విప్పించి చూస్తే ఎడమవైపు బేరింగు పొడిగా ఉంది. ఆ మర్నాటి నుంచి టీ గ్లాసు ఆమె చేతికే వచ్చేది.

ఇక దేవీసరా ఖడ్కా సంగతి. ఆవిడ పై వాడ మనిషి, ఛెత్రీ కులం ఆడపిల్ల. మా అత్త కింది వాడ మగర్ తెగ మనిషి. ఇద్దరికీ తొమ్మిదేళ్ళప్పుడు ఏదో జాతరలో, పోలికలు అంత దగ్గరగా ఉండడం వల్ల, దేవీసరా తల్లి మా అత్తను రెక్కపట్టుకుని, "ఇంటికి పద, నీ పని చెబుతా" అంటూ కొండ సగం ఎక్కించేసిందట. నిజం తెలిశాక రెండు ఇళ్ళవాళ్ళూ నవ్వుకుని, ఆ వారంలోనే బొట్లు పెట్టి, బట్టలు మార్పించి ఇద్దరినీ మితినీలను చేశారు. మా దగ్గర మితినీ చుట్టరికం రక్తసంబంధం కన్నా గట్టిది. ఒకరి పేరు ఒకరు ఎత్తకూడదు. నువ్వు అనకూడదు. ఎదురు మాట్లాడకూడదు, పదిమందిలో అసలే కూడదు. తొమ్మిదేళ్ళ పిల్లలు పక్కవాళ్ళ దోసపాదు మీద పడినప్పుడు కూడా, "మితినీ గారూ, కంచె మీరు ఎక్కుతారా, నన్ను ఎక్కమంటారా?" అనుకునేవారట. పెద్దవాళ్ళకు దొరికిపోయింది ఆ మర్యాదల వల్లే.

సరిహద్దు మూసుకుపోయిన ఏడాది మా ఊళ్ళో అందరికీ గుర్తే. దక్షిణం నుంచి ఒక్క గ్యాస్ బండా రాలేదు. కింద బజారులో హోటళ్ళు మూతపడ్డాయి. తడి కట్టెలతో వండలేక, బజారువాళ్ళు బియ్యం, గిన్నెలు నెత్తిన పెట్టుకుని గంటన్నర నడిచి ఖహరేకి వచ్చారు. అత్త పవర్‌హౌస్‌లో రెండు కరెంటు పొయ్యిలు పెట్టింది. ఐదు నెలలపాటు పగలంతా అక్కడ వరస. బజారులో గ్యాస్ బండలు అమ్మే ఆసామీ కూడా గిన్నె పట్టుకుని నిలబడ్డాడు.

"ఏం బాబాయ్, బండ అయిపోయిందా?" అని వరసలో ఎవరో అడిగారు.

"ఖాళీ బండలు నలభై ఉన్నాయి. వండుకు తింటావా?" అన్నాడాయన.

ఆ రోజుల్లోనే జిల్లా నుంచి ఒక నాయకుడు వచ్చాడు. ఆ పొయ్యిమీద ఉడికిన అన్నం, గుంద్రుక్ అనే పులియబెట్టిన ఆకుకూర పులుసు తిని, చెయ్యి కడుక్కుని మాట్లాడాడు. "మన నీళ్ళున్నాయి, మన వాగులున్నాయి. ఈ దేశం తన పొయ్యి తానే వెలిగించుకోవాలి. ప్రతి చిన్న యంత్రాన్నీ దేశపు పెద్ద లైనుకు కలుపుతాం" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాయకుడు వెళ్ళిపోయాడు. సరిహద్దు తెరుచుకుంది, బండలు వచ్చాయి, అందరూ మరిచిపోయారు.

అత్త మాత్రం మరిచిపోలేదు. ఆ మాటలు ఒక కాగితం మీద రాయించి, కింద ఒక విన్నపం రాయించి మా పంచాయతీలాంటి పాలికా ఆఫీసుకు వెళ్ళింది. ఆ ఏడు వెళ్ళింది, మళ్ళీ ఏడూ వెళ్ళింది. అధ్యక్షులు మారారు, గోడమీది జెండా రంగు మారింది, ఆమె కాగితం మారలేదు. ఒక పార్టీవాళ్ళు స్టాంపు వేస్తే దాని పక్కనే రెండో పార్టీవాళ్ళ చేత స్టాంపు వేయించేది.

"దీదీ, ఇంతకీ మీరు ఏ పార్టీ?" అని గుమాస్తా విసుక్కున్నాడొకసారి.

"నాది పీపా పార్టీ బాబూ. మాకు గుర్తు ఇంకా ఇవ్వలేదు."

నవ్వేసేది గానీ ఆమెకు భయం లేకపోలేదు. పెద్ద లైను స్తంభాలు ఒక్కో కొండా ఎక్కి మా వైపు వస్తున్నాయి. పెద్ద లైను వస్తే ఇంట్లో ఎన్ని కుక్కర్లైనా పెట్టుకోవచ్చు. చిన్న యంత్రంతో ఇక పనేముంది? అవతలి కొండమీద ఊళ్ళో అదే జరిగింది. అత్త చూడడానికి వెళ్ళింది. అక్కడి యంత్రం దురదగొండి పొదల్లో బోర్లాపడి ఉందట, దాని ఇరుసుకు ఎవరో మేకను కట్టేశారట. ఇంటికొచ్చి అన్నం తినలేదు.

"తుప్పుపట్టి పోయినా బాధపడను," అంది మా మామ మన్‌బీర్‌తో. "మేకను కట్టేశారు. పద్దెనిమిదేళ్ళు ఊరికి వెలుగిచ్చినదానికి మేకను కట్టేశారు."

మామ తక్కువ మాటల మనిషి. వాగు తూము దగ్గర ఆకులు తీయడం, కాలువ గట్టు వేయడం ఆయన పని. కాసేపు ఆలోచించి, "మేక మంచిదేనా?" అన్నాడు. అత్త చేతిలో గరిట ఆయన భుజం పక్కగా వెళ్ళింది.

చివరికి కిందటేడు ఫాల్గుణంలో కాగితం కదిలింది. చిన్న యంత్రాల కరెంటును పెద్ద లైను కొనుక్కోవచ్చని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. కరెంటు ఆఫీసు నుంచి రస్మిలా అనే ఇంజనీరమ్మ వచ్చి యంత్రాన్ని చూసి, బాగుందంది. ఒక్కటే షరతు. ఊళ్ళో మూడింట రెండువంతుల ఇళ్ళు, అంటే డెబ్బై ఐదు ఇళ్ళు, సభలో ఒప్పుకుని సంతకాలు పెట్టాలి. శనివారం సభ. ఆ రోజు దాటితే మా ఊరి పేరు జాబితాలో ఉండదు.

కింది వాడలో అరవై ఎనిమిది ఇళ్ళు. అందరూ పెట్టినా చాలదు. పై వాడ కావాలి. పై వాడలో నలభై నాలుగు ఇళ్ళు, వాళ్ళంతా వినేది ఒక్క మనిషి మాట. అక్కడి తల్లుల సంఘానికి పెద్ద దేవీసరా.

పై వాడ బాధ నిజమైనదే. ఎండాకాలం నాలుగు నెలలూ వాగు సన్నగా పారుతుంది. వారానికి రెండు పూటలు పవర్‌హౌస్‌లోని పిండిమర ఆడేందుకు తప్ప పగటి నీళ్ళన్నీ పై వాడ కాలువకే వెళతాయి. బంగాళాదుంప, మొక్కజొన్న బతికేది వాటితోనే. సాయంత్రమయ్యాకే నీళ్ళు యంత్రానికి. ఇది ఎక్కడా రాసిన ఒప్పందం కాదు. తిరగలి నాటి నుంచి వస్తున్న మాట. రేపు పెద్ద లైనువాళ్ళతో కాగితం రాసుకుంటే వాళ్ళు యంత్రాన్ని పగలూ రాత్రీ ఆడించమంటే? కుళాయి దగ్గర పై వాడవాళ్ళు అనుకోవడం నేను విన్నాను. "దేశానికి దీపమట. మన దుంపకు దాహమట."

సభకు ముందు మూడు రోజులు అత్తకు నిద్ర లేదు. సభలో మాట్లాడాల్సింది తనే. అయితే తను లేచి నిలబడి యంత్రాన్ని కలుపుదామంటే, మితినీ గారు ఇక నోరు తెరవలేరు. నలభై నాలుగు ఇళ్ళ తరఫున అడగాల్సిన మనిషి తలవంచుకుని కూర్చుంటారు. పై వాడవాళ్ళు ఆవిడ మొహం చూసి మొహమాటంతో వేలిముద్ర వేస్తారు.

"అదేగా నీకు కావాల్సింది?" అన్నాడు మామ.

"మితినీ గారి నోరు కట్టి గెలవమంటావా?" అంది అత్త. "నేను సభకు రాను. శనివారం పిండి ఆడే రోజు, నేను ఇక్కడే ఉంటాను. నువ్వు వెళ్ళు. ఆవిడ నీళ్ళ సంగతి నిక్షేపంగా అడగనీ. అడిగాక ఏమవుతుందో అదే అవుతుంది."

"పోతే?"

అత్త పీపా మీద చెయ్యి పెట్టి నిలబడిందట.

శనివారం బడి మైదానంలో సభ. చదువుకున్నదాన్నని నాకు మినిట్స్ పుస్తకం ఇచ్చి బల్ల చివర కూర్చోబెట్టారు. ఎండ హాయిగా ఉంది. బడి కరెంటుతోనే మైకు పెట్టారు. రెండు వాడలవాళ్ళూ వచ్చారు. జసుమాయ అత్త రాలేదు. దేవీసరా గారూ రాలేదు. పై వాడవాళ్ళు దారివైపు చూస్తూ కూర్చున్నారు.

వార్డు అధ్యక్షుడు పూర్ణజంగ్ గారు మైకు తీసుకున్నారు. ఇంధన స్వావలంబన తమ పార్టీ కల అన్నారు. వెంటనే అవతలి పార్టీ లీలాధర్ మాస్టారు లేచి, ఆ కల మొదట కన్నది తమ పార్టీ అన్నారు. ఎవరు ఏ సంవత్సరంలో కన్నారన్న దగ్గర గొడవ మొదలైంది. ఇద్దరూ యంత్రాన్ని కలపాలనే అంటున్నారు. ఇద్దరూ దెబ్బలాడుకుంటున్నారు. నేను మూడు పేజీలు నింపాను. వాటిలో దేశం ఉంది, త్యాగం ఉంది, భావితరం నాలుగుసార్లు ఉంది. లుమ్దీ వాగు మాట మాత్రం లేదు.

"నీళ్ళ సంగతి ఎవరు చెబుతారు?" అన్నాడు పై వాడ ముసలాయన ఒకడు.

"చర్చ విధానం మీద జరుగుతోంది తాతా. నీళ్ళు తరవాత," అన్నారు మాస్టారు.

పై వాడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరు లేచి బట్టలు దులుపుకున్నారు. వాళ్ళు వెళితే మిగతావాళ్ళూ వెళతారు. ఇంజనీరమ్మ గడియారం చూసుకుంది. మామ నా పక్కకొచ్చి, ఇంకా తెల్లగానే ఉన్న సంతకాల కాగితాన్ని చూసి, వెళ్ళి కూర్చున్నాడు. మేక కళ్ళ ముందు మెదిలింది.

అదే వేళకు పవర్‌హౌస్‌లో జరిగింది మితినీలిద్దరూ నాకు తరవాత చెప్పారు, ఎవరి వైపు నుంచి వాళ్ళు. ముందు ఎవరు నవ్వారన్న దగ్గర తప్ప రెండు కథలూ ఒకటే.

దేవీసరా గారు వీపున బుట్టలో మొక్కజొన్న గింజలు మోసుకుని దిగి వచ్చారు. లోపల మన్‌బీర్ మామ ఉంటాడనుకున్నారు. తలుపు తీసేసరికి పిండి పట్టిన మొహంతో మా అత్త.

"మితినీ గారా!" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

అత్త చేతుల పిండి దులుపుకుంది.

"సభకు వెళ్ళలేదేం మీరు?" అని దేవీసరా గారు అడిగారు.

"పిండి ఆడాలి కదండీ. మరి మీరు?"

"పిండి ఆడించుకోవాలి కదండీ."

"ఇవాళేనా? మీ ఇంట్లో పిండి లేదా?"

"మొన్ననే ఆడించాను. రెండు డబ్బాల నిండా ఉంది," అన్నారు దేవీసరా గారు. అబద్ధం అలవాటు లేని మనిషి. "నేను అక్కడ కూర్చుంటే మీరు మాట్లాడలేరని… నా మొహం చూసి మీ యంత్రం సంగతి దిగమింగుకుంటారని… మన్‌బీర్ గారే ఉంటారు కదా అని ఇటు వచ్చాను."

అత్త పిండిమర బుట్ట పక్కన కూలబడింది. "నేను అక్కడుంటే మీరు నీళ్ళ సంగతి ఎత్తలేరని నేను ఇక్కడ కూర్చున్నానండీ."

"అంటే అక్కడ ఎవరున్నారు?"

"పూర్ణజంగ్, లీలాధర్ మాస్టారు."

"అయ్యో! కొంప మునిగింది."

అప్పుడు నవ్వారు. మా అత్త ఏడ్చింది కూడా అని దేవీసరా గారు చెబుతారు. పిండి కళ్ళలో పడిందని అత్త అంటుంది.

నవ్వు ఆగాక దేవీసరా గారు తలవంచుకుని నెమ్మదిగా అన్నారు. "ఎదురు చెప్పడం కాదు, అడుగుతున్నాను. పగటి నీళ్ళు మా కాలువకు ఉంటాయా?"

"ఉండకపోవడమేమిటండీ? మా నాన్న మాట అది. ఫాల్గుణం నుంచి జ్యేష్ఠం దాకా పగలు వాగు మీదే. వారంలో ఆ రెండు పూటలు పిండికి, అంతే. మిగతా పగళ్ళు యంత్రం పడుకుంటుంది."

"పెద్ద లైనువాళ్ళు ఒప్పుకుంటారా?"

"అడిగితే కదా తెలిసేది. అడగాల్సిన మీరు పిండికొచ్చారాయె."

"చెప్పాల్సిన మీరు పిండిలో మునిగారాయె. లేవండి."

అత్త లేచింది. ఆడుతున్న యంత్రాన్ని ఒంటరిగా వదిలే అలవాటు ఆమెకు ఇరవై రెండేళ్ళలో లేదు. గొట్టం కవాటం చక్రాన్ని తిప్పి మూసింది.

మైదానంలో లీలాధర్ మాస్టారు చెయ్యి పైకెత్తి, "ఈ దేశం తన కాళ్ళమీద తాను నిలబడడానికి మా పార్టీ తన రక్తాన్ని…" అన్నారు. మైకు ఆగిపోయింది.

"రక్తం అయిపోయింది మాస్టారూ!" అన్నారు వెనకనుంచి ఎవరో.

మైదానం గొల్లుమంది. లేచి నిలబడినవాళ్ళు కూడా నవ్వుతూ ఆగిపోయారు. పూర్ణజంగ్ గారు తీగలు కదిపి చూసి, "ఇది కుట్ర" అన్నారు. మాస్టారు, "అవును, మీదే" అన్నారు. మైకు లేకపోవడంతో ఎవరి మాటలూ నాలుగో వరస దాటలేదు. జనం తమలో తాము మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

ఇంతలో వాగు దారిలో ఇద్దరు ఆడవాళ్ళు రొప్పుతూ ఎక్కి వచ్చారు. ఒకరు నిలువెల్లా పిండి. ఇంకొకరి వీపున ఆడించని గింజల బుట్ట.

"జసుమాయ దీదీ, కరెంటు మీరే తీశారా? సభ మధ్యలోనా?" అన్నారు పూర్ణజంగ్ గారు.

"యంత్రం నడిపేదాన్ని ఒక్కదాన్నే భాయీ. నేను ఇక్కడుంటే అది అక్కడ పడుకుంటుంది. మైకు కావాలంటే చెప్పండి, వెనక్కి పోతాను."

"వద్దు వద్దు!" అని పిల్లా పెద్దా అరిచారు.

నేను పుస్తకంలో కొత్త పేజీ తిప్పాను. అత్త యంత్రం గురించి మాట్లాడుతుందని అందరూ అనుకున్నాం. ఆమె నోరు తెరిచి పై వాడ గురించి మాట్లాడింది.

"కాగితంలో మొదటి మాట ఇది రాయాలి. ఫాల్గుణం నుంచి జ్యేష్ఠం దాకా పగటి నీళ్ళు పై వాడ కాలువవి, వారంలో పిండి ఆడే రెండు పూటలు తప్ప. ఈ మాట లేని కాగితం మీద నేను సంతకం పెట్టను. యంత్రం తాళమూ ఇవ్వను. వాళ్ళ దుంపలు ఎండబెట్టి వెలిగే దీపం నాకొద్దు."

పై వాడవాళ్ళు నోళ్ళు తెరిచారు. అప్పుడు దేవీసరా గారు బుట్ట దించి, కొంగు సర్దుకుని తనవాళ్ళ వైపు తిరిగారు.

"విన్నారుగా. ఇప్పుడు నా మాట వినండి. బండలు రాని ఏడాది బజారంతా వచ్చి ఎక్కడ వండుకుంది? మన పిల్లలు కిరసనాయిలు పొగ లేకుండా ఎలా చదివారు? మితినీ గారి యంత్రం ఇన్నేళ్ళుగా ఒక్క పండగా చేసుకోలేదు. దాన్ని దురదగొండిలో పారేసి మేకను కడదామా? మనం పడుకున్నాక అది కన్న కరెంటంతా పీపాలో కాగి పోతోంది. ఆ నీళ్ళతో నేను ఇరవై రెండేళ్ళు తల కడుక్కున్నాను. నా జుట్టు బాగానే ఉంది. దానివల్ల దేశానికేం ఒరిగింది?"

మళ్ళీ గొల్లుమన్నారు. దేవీసరా గారు మాత్రం నవ్వలేదు. "పొరుగువాడు తలుపు వేస్తే పస్తుండే దేశం మనకొద్దు. దేశపు పొయ్యిలో మన వాగు కూడా ఒక పుల్ల వేసిందనిపించుకుందాం."

మితినీలు ఎవరి పక్షం వారు వాదించుకోకూడదు గానీ ఒకరి పక్షం ఒకరు వాదించకూడదని ఎక్కడా లేదు. ఆ సంగతి ఆ రోజు దాకా మాకెవరికీ తోచలేదు.

అందరి కళ్ళూ ఇంజనీరమ్మ మీదికి వెళ్ళాయి. ఆమె కాగితాలు తిరగేసింది.

"ఎండాకాలం పగళ్ళు ఎలాగూ వాగులో నీళ్ళుండవు," అంది ఆమె. "మాకు ముఖ్యంగా కావాల్సింది సాయంత్రపు కరెంటు. దేశమంతా పొయ్యి వెలిగించేది అప్పుడే. రాసుకోండి, అభ్యంతరం లేదు."

"మొదటి మాటగానా?" అంది అత్త.

"మొదటి మాటగానే దీదీ."

రాశాను. పైకి చదివి వినిపించాను. నా గొంతు ఎప్పుడూ సరిగా పైకి రాదు. "గట్టిగా చదువమ్మా, మా నీళ్ళవి" అని పై వాడ ముసలాయన అంటే ఇంకోసారి చదివాను. మొదటి వేలిముద్ర ఆయనదే. తరవాత వరస సాగింది. రెండు వాడలూ కలిసిపోయాయి.

డెబ్బై నాలుగు ఇళ్ళు అయ్యాక వరస ఆగింది. బల్ల ముందు మితినీలిద్దరూ నిలబడ్డారు.

"మీరు ముందు పెట్టండి," అన్నారు దేవీసరా గారు.

"అదెలా? మీరు పెద్దవారు. మీరు ముందు."

"పెద్దేమిటండీ, మూడు నెలలు!"

"మూడు నెలలైనా పెద్దే."

"తల్లుల్లారా, నాకు కిందికి దిగడానికి రెండు గంటలు పడుతుంది," అంది ఇంజనీరమ్మ.

"ఒక్క నిమిషం అమ్మాయీ," అన్నారు ఇద్దరూ ఆమె వైపు చూడకుండానే.

మామ లేచి వచ్చాడు. సిరా డబ్బా తీసి, ఒకరి బొటనవేలు ఇటూ ఒకరి బొటనవేలు అటూ పట్టుకుని ఒకేసారి అద్దించి, కాగితం మీద ఒకేసారి నొక్కించాడు. అత్తకు సంతకం చేయడం వచ్చు. ఆ రోజు మాత్రం ఆమెది వేలిముద్రే. డెబ్బై ఐదో ఇల్లు వాళ్ళలో ఎవరిదో ఇప్పటికీ తేలలేదు.

"అయింది. ఇక ఇంటికి పోయి అన్నం తిందాం," అన్నాడు మామ. ఆ రోజు సభలో ఆయన మాట్లాడింది అంతే. అత్త బడి మెట్టుమీద కూర్చుని గట్టిగా ఊపిరి వదిలింది. పిండి మొహాన చెమట చారలు కట్టింది.

కాగితాలు, పెట్టెలు, తీగలు అన్నీ పూర్తయ్యేసరికి మార్గశిరం వచ్చింది. కలిపే రోజు మధ్యాహ్నం ఇంజనీరమ్మే వచ్చి కొత్త పెట్టె తలుపు తెరిచింది. పూర్ణజంగ్ గారు, మాస్టారు చెరో దండా తెచ్చారు. యంత్రానికి ఉన్నది ఒకటే మెడ కాబట్టి రెండూ వేశారు. మీట నొక్కారు. యంత్రం ఒక్క క్షణం గొంతు సవరించుకున్నట్టయి, మళ్ళీ మామూలుగా పాడింది. ఎవరికీ ఏమీ కనపడలేదు.

"అయిందా?" అన్నాడు మాస్టారు నిరాశగా.

అత్త మీటరు చూడలేదు. పీపా దగ్గరికి వెళ్ళి అరచెయ్యి ఆనించి నిలబడింది. చాలాసేపటికి చెయ్యి తీసి, ఆ అరచేతిని తన చెంపకు ఆనించుకుంది.

"చల్లబడుతోంది," అంది. "వెళుతోంది. అంతా కిందికి వెళుతోంది."

వారం తరవాత, బాగా చలిపెట్టిన రోజు, నేను పవర్‌హౌస్ గుమ్మంలో కూర్చుని ఉండగా దేవీసరా గారు భుజాన తుండు, కొంగున కుంకుడుకాయలతో దిగి వచ్చారు. పీపా కుళాయి తిప్పి, చెయ్యి పెట్టి, కెవ్వుమన్నారు.

"మితినీ గారూ! ఇవేం నీళ్ళండీ, మంచుగడ్డలు!"

"దేశం పట్టుకెళ్ళిపోయిందండీ వేడంతా," అంది అత్త లోపల్నుంచి.

"అంతానా? మూలపుటమ్మలు మనం, మనకొక చెంబెడైనా ఉంచలేదా?"

"సభలో మీ జుట్టు సంగతి ఎత్తింది మీరే కదండీ."

దేవీసరా గారు ఎదురు మాట్లాడలేరు కాబట్టి మూతి ముడిచి మెట్టుమీద నా పక్కన కూర్చున్నారు. లోపల గిన్నె చప్పుడైంది. బజారు జనానికి ఐదు నెలలు వండిన ఆ పాత కరెంటు పొయ్యిని మూలలోంచి బయటికి లాగి, అత్త దానిమీద నీళ్ళు పెట్టింది. ఇప్పుడు ఎంత వాడినా ఊరు మసకేయదు.

"కూర్చోండి, కాగుతున్నాయి," అంది. "ఒక్క గిన్నెకు దేశమేమీ చీకటైపోదు."